మా మేనత్త మానేసిన మాట

పోయిన వారం కోరాపుట్‌లో మా ఇంటి మిక్సీ ఆగిపోయింది. ఆగిపోయే ముందు కాస్త పొగ, కాస్త కమురు వాసన, గోడ నిండా కొబ్బరి పచ్చడి. కొని ఇంకా నెల కాలేదు. ఫోన్ తెరిచి, ఆ కంపెనీవాడి యాప్‌లో మిక్సీ బొమ్మ మీద వేలు పెడితే కింద ‘మార్చు’ అని ఒక పచ్చ బొత్తాం కనిపించింది. నొక్కాను. మర్నాటికి కొత్తది వచ్చింది, పాతది వెళ్ళిపోయింది. తెచ్చినతను గోడ వంక చూసి కూడా ఏమైందని అడగలేదు. ఈ మధ్య ఇంత సుఖంగా అయిన పని ఇంకోటి లేదని మా ఆవిడ మురిసిపోయింది. నేను మాత్రం బొత్తాం మీది మాట దగ్గరే ఉండిపోయాను. రాయగడలో ఆ ఒక్క మాటకి ఒక మనిషి నెత్తురోడడం నేను కళ్ళారా చూశాను.

రాయగడలో మా మేనత్తది టోకు కొట్టు. ఉప్పు, బెల్లం, ఎండుమిరప, చింతపండు. విజయనగరం వైపు నుంచి కోడలిగా వచ్చి, మావయ్యకి బేరాలు చేతకావని మొదటి ఏడే గ్రహించి, గల్లాపెట్టె దగ్గర తనే కూర్చుంది. ఆవిడకి మాటలు మూడు అరల్లో ఉండేవి: బేరం ఒడియాలో, పలకరింపు అక్కడి కొండవాళ్ళ దేసియాలో, కోపం తెలుగులో. వీధిలో బస్తాలు మోసే కళాసీలందరికీ ఆవిడ మావుసి, అంటే పిన్ని. ఎండాకాలమంతా కొట్టు అరుగు మీద వాళ్ళ కోసం చోడి అంబలి కుండ, అదే రాగి జావ, ఉండేది. మావుసి చెయ్యెత్తి చూపించిందంటే ఆ బస్తా ఎవరిది, ఎక్కడికి అని అడక్కుండా భుజానికెత్తుకునేవారు. ఆ ప్రేమే కొంప ముంచింది.

కొన్నేళ్ళ కిందట వాళ్ళు కొత్త ఫ్రిజ్ కొన్నారు. తలుపు ముట్టుకుంటే చీమ కుట్టినట్టు చురుక్కుమనేది. కొన్నాళ్ళు ఇంట్లో అందరూ చెప్పులేసుకుని, చెక్క గరిటె పిడితో తలుపు లాగేవారు. చుట్టాలొస్తే మంచినీళ్ళ కంటే ముందు గరిటె ఇచ్చేవారు. ఒక మధ్యాహ్నం మావయ్య గరిటె మరిచిపోయి తడిచేత్తో తలుపు పట్టుకున్నాడు. ఫ్రిజ్ ఆయన్ని ఎత్తి రుబ్బురోలు మీదికి విసిరికొట్టింది. ముందు పళ్ళు ఊడి, గడ్డం చీరుకుపోయి, నోటినిండా నెత్తురుతో ఆయన చాలాసేపు తెలివి లేకుండా పడి ఉన్నాడు. పోయాడనుకుని అత్త గుండెలు బాదుకుంది.

కంపెనీవాళ్ళు మీ ఇంటి ఎర్త్ బాగాలేదన్నారు. ఎర్త్ మళ్ళీ వేయించాక కూడా అది చురుక్కుమంటే, మా రికార్డు ప్రకారం సమస్య పరిష్కారమైపోయింది అన్నారు. ఈ మాట ఎవరన్నారని అడిగితే చెప్పలేను, ఎందుకంటే అన్నది మనిషి కాదు. కంపెనీ అనేది చిత్రమైన జీవి. దానికి నోరుంటుంది, చెవులుండవు. చెంప అసలే ఉండదు. మనకి కనిపించే ఒళ్ళల్లా అది పంపించే మెకానిక్ ఒక్కడిదే. మా అత్త ఇంటికి వచ్చేవాడు లక్ష్మీపూర్ మనిషి, నడివయసు వాడు, మీసానికి రంగేసేవాడు, గుమ్మం బయటే బూట్లు విప్పేవాడు. తల్లి వైపు వాళ్ళు మనవాళ్ళు కావడంతో తెలుగు బాగానే వచ్చు. “దీన్ని బాగుసెయ్యడం నా వల్ల కాదు మావుసీ, కొత్తదే ఇయ్యాల. అది పైవోళ్ళే సెప్పాలి” అని అతను మొదటే చెప్పేశాడు.

చివరికి ఒక సంత రోజున అత్త ఆ ఫ్రిజ్‌ని కళాసీల చేత రిక్షా బండి మీద కట్టించి షోరూమ్ ముందుకు తోలించింది. ఫోన్లో పెద్దవాళ్ళతో మాట్లాడ్డం నాకొచ్చని నన్నూ వెంటబెట్టుకుంది. లోపలి మేనేజరు చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, మేం చేసేదేమీ లేదు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యండన్నాడు. మెకానిక్‌ని కూడా అక్కడికే పిలిపించాడు. అతను బయట బండి పక్కన వంగి ఫ్రిజ్ వెనక వైర్లు చూస్తున్నాడు. నేను మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను. కాసేపు సంగీతం, మీ కాల్ మాకెంతో విలువైనదని ఒక పొగడ్త, తర్వాత ఒక అమ్మాయి గొంతు శుద్ధమైన తెలుగులో, “మీకు ఏ సహాయం కావాలో చెప్పండి” అంది. అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“అమ్మీ, ఈ ఫ్రిజ్జు మార్సెయ్” అంది.

“క్షమించండి, అర్థం కాలేదు. దయచేసి మళ్ళీ చెప్పండి” అంది ఫోను.

అది యంత్రమని నాకు తెలిసింది గాని అత్తకి తెలియలేదు. మా వైపు ‘చ’ ‘స’ అవుతుందని ఆ యంత్రానికీ ఎవరూ నేర్పలేదు. “మార్సెయ్ అంతన్నాను గదే” అని అత్త గొంతు పెంచింది. అది మళ్ళీ చెప్పమంది. నేను ఫోన్ అడిగితే నా చెయ్యి తోసేసింది. మావయ్య బోసినోరు గుర్తొచ్చిందేమో, అక్కడి ఫ్రిజ్ వైపు వేలు చాపి, ఊగిపోతూ, వీధి దద్దరిల్లేలా అరిచింది. “మార్సెయ్, మార్సెయ్, మార్సెయ్.”

ఒడియాలో ‘మార్’ అంటే కొట్టు. ‘సెయి’ అంటే అదిగో, అతణ్ణే.

మావుసి వేలు చూపించిన చోట ఒక మనిషి వంగి ఉన్నాడు. మావయ్య పళ్ళు రాలిన సంగతి కళాసీలందరికీ తెలుసు. వీధిలో ఉన్నవాళ్ళలో, నేను కాక, ఆవిడ ఏమంటోందో అర్థమైనవాడు ఆ మెకానిక్ ఒక్కడే. సరేనమ్మా అన్నట్టు తలెత్తి నవ్వాడు. ఆ నవ్వు మీదే మొదటి గుద్దు పడింది. రెండోది కర్రతో. తర్వాత ఎవరు కొడుతున్నారో, ఎందుకు కొడుతున్నారో తెలియని కాళ్ళు చేతులు. పాడైన ఫోన్లు, తిరగని ఫ్యాన్లు పట్టుకుని షోరూమ్‌కి వచ్చినవాళ్ళు కూడా తమ వంతు కలిపారు. బస్తాలెత్తే ఇనప కొక్కెం ఒకటి ఎండలో లేచి దిగింది. మనిషి ఒళ్ళు దెబ్బ తింటుంటే వచ్చే చప్పుడు తడిగుడ్డ ఉతికినట్టుంటుందని ఆ రోజే తెలిసింది. నేను మధ్యలోకి దూరబోతే ఎవడి మోచెయ్యో తగిలి నా కళ్ళజోడు పగిలింది.

అత్తకి అప్పుడర్థమైంది. “మార నా, మార నా” అని కేకలు పెడుతూ పరిగెత్తింది. కొట్టొద్దని దానర్థం. కాని ఆ గోలలో ‘మార’ ఒక్కటే వినిపించింది. ఇక మాటలతో లాభం లేదని ఆవిడకి ఎలా తోచిందో, జనం కాళ్ళ మధ్య నుంచి దూరి అతని మీద బోర్లా పడిపోయింది. దిగుతున్న కర్ర ఆవిడ భుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కొట్టినవాడు మావుసిని చూసి కర్ర వదిలేసి ఏడుపు లంకించుకున్నాడు. అందరూ ఆగిపోయారు. మెట్ల మీద పడి ఉన్న ఫోను మాత్రం, మళ్ళీ చెప్పండి అంటూనే ఉంది. దాన్ని కాలితో తొక్కి నలిపేశాను. నా ఫోనే అది. ఇప్పటికీ ఆ పనికి నాకు విచారం లేదు.

మెకానిక్ బతికాడు. ఒక కన్ను పోయింది. అతను మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి అని కంపెనీ చెప్పింది. పోలీసులు అడిగితే అత్త, “ఆ మాటన్నది నానే” అంది తప్ప కళాసీల పేరు ఒక్కటీ చెప్పలేదు. వీటన్నిటి మధ్యలో కొత్త ఫ్రిజ్ వచ్చింది. మా సేవ ఎలా ఉందో చెప్పమని వెనకే ఒక సందేశం. అత్త ఆ ఫ్రిజ్‌ని గుమ్మం తొక్కనివ్వలేదు.

కట్టు కట్టిన భుజంతోనే ఆవిడ అతణ్ణి చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళింది. నేనే తీసుకెళ్ళాను. మమ్మల్ని చూడగానే అతనే నెమ్మదిగా అన్నాడు. “మీరు కొట్టమన్లేదు మావుసీ. నాకు తెలుగొచ్చు గదా, నాకు తెల్సు. గానీ కన్ను మూస్తే మీ గొంతే ఇనబడతాది. మీరే కొట్టమంతన్నట్టు ఇనబడతాది. ఏటి సెయ్యాలో సెప్పండి.”

అత్త దెబ్బ తగలని చెయ్యి అతని పాదం మీద వేసి కూర్చుంది.

ఆనాటి నుంచి ఆ మాట ఆవిడ నోట రాలేదు. ‘మార్చు’ అనాల్సిన చోటల్లా ఒడియావాళ్ళ ‘బదలు’ వచ్చి చేరింది. కోక బదలు చేసుకొస్తాననేది. నోటు బదలు చెయ్యమనేది, పక్క గుడ్డలు బదలు చెయ్యమనేది. కోడలు మొదట్లో నవ్వేది, తర్వాత తెలిసి తనూ అలాగే అనడం మొదలుపెట్టింది. ఆ మెకానిక్ తన కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చినప్పుడు, ఆవిడ అతని ముందు ఒక్కో తెలుగు మాటా ఏరుకుంటూ మాట్లాడింది. మొన్న రాయగడ వెళ్ళినప్పుడు, మిక్సీ సంగతి చెప్పి, నోరు విప్పకుండానే కొత్తది ఇచ్చేశారత్తా అన్నాను. ఆవిడ విరిగి అతుక్కున్న భుజాన్ని ఒత్తుకుంటూ వీధిలోకి చూసింది. కాలం గురించి లోకమంతా అనే మాటొకటి ఉంది కదా, ఆవిడ పెదవులు దాని దాకా వచ్చి ఆగడం నాకు కనిపించింది.

“కాలం బదలైపోనాది నాయినా” అంది.