మారేడాకుల పండగ

2014 మార్చిలో ఓ సాయంత్రం అల్ ఖూజ్‌లోని ఆఫీసు నుంచి వచ్చి, మా అమ్మాయి బడి కోసం ఆకుపచ్చ కాగితంతో మూడు రేకుల ఆకులు కత్తిరిస్తూ కూలబడ్డాను. దుబాయ్‌లో ఐర్లండ్ వాళ్ళు నడిపే చిన్న బడి అది. ఆ ఆకు గుర్తుగా పెట్టుకునే పండగ వాళ్ళది, చాకిరీ తల్లులది.

ఆ ఆకు నాకు కొత్త కాదు. అమలాపురం దగ్గర మా ఎలిమెంటరీ బడికి పెద్ద టీచరు ఐర్లండ్ నుంచి వచ్చిన సిస్టరమ్మే. ఏటా మార్చిలో వాళ్ళమ్మ కవర్లో అలాంటి ఎండుటాకులు పంపేది. సిస్టరమ్మ ఒకటి అంగీకి గుచ్చుకుని మా చేత పాటలు పాడించి, మధ్యాహ్నం సెలవిచ్చేది. నా మూడో తరగతిలో కవరు రాలేదు.

"ఈ ఏడు పండగ లేదమ్మా," అంది.

నేనూరుకుంటానా? పోస్టుమాన్‌ని నిలదీశాను. "మా సిస్టరమ్మ కవరు ఎక్కడ పారేశావయ్యా?"

"అబ్బో, కలెక్టరమ్మా! వస్తే ఇవ్వనా?" అంటూ సైకిలెక్కాడు.

మర్నాడు ఒడినిండా మారేడాకులు తెచ్చి ఆవిడ బల్ల మీద పోశాను.

"వీటికీ మూడు రేకులేనండి. ఇంక పండగ చెయ్యాల్సిందేనండి."

ఆవిడ ఒకటి తీసి గుచ్చుకుంది. పాట మధ్యలో కళ్ళు తుడుచుకుంటే, మారేడాకు ఘాటు పడలేదనుకున్నాను.

హైస్కూలుకెళ్ళాక బడి ఆయా చెప్పింది, "కవరు పంపే తల్లి ఆ చలికాలమే పోయిందే," అని.

ఆ రోజు వాదనలో గెలిచానని చాన్నాళ్ళు మురిశాను. మూడో తరగతి పిల్లకు ఎదురుచెప్పే ఓపిక ఆవిడకు లేకపోయిందంతే.