తిరుగు కొలత

ఆరేళ్ళుగా ఒక తప్పు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి "తెలిసీ తెలియక చేసిన పాపాలు" అని పలుకుతాను. ఆ గుంపులో నా ఒక్క పాపం హాయిగా దాక్కుంటుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

సివిల్ ఇంజనీరింగ్ అయ్యాక నా మొదటి ఉద్యోగం యాన్ గారి దగ్గర. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు. అరవై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళుగా మన తీరంలో బడులు, తుపాను షెల్టర్లు కడుతూ ఉన్నారు. వాకాడు వైపు ఒక మత్స్యకారుల పాళెంలో, ఆడవాళ్ళు ఎండు చేపలు వానాకాలంలో దాచుకోవడానికి ఒక గది కట్టాలి. నా పనులు రెండు. నేల ఎత్తులు కొలవడం. ఆయన ఇంగ్లీషు వాళ్ళకీ, వాళ్ళ తెలుగు ఆయనకీ చెప్పడం. రెండింటిలోనూ తప్పు చేశాను.

మొదటిది ఇది. రోడ్డు వంతెన మీద పాత తుపాను వరద ఎంత ఎత్తు వచ్చిందో గుర్తు ఉంది. అక్కణ్ణుంచి లెవెల్ మిషనుతో అంచెలంచెలుగా పాళెం దాకా ఎత్తులు కొలుచుకుంటూ రావాలి. మళ్ళీ అలాగే వంతెన దాకా వెనక్కి వెళ్ళాలి. బయలుదేరిన అంకె, చేరిన అంకె కలిస్తేనే కొలత సరైనట్టు. నేను వెనక్కి వెళ్ళలేదు. ఎండ కారణం కాదు, బురద కారణం కాదు. బద్ధకం. సరుగుడు తోపులో కూర్చుని తిరుగు కొలతలన్నీ కొలతల పుస్తకంలో కల్పించి రాశాను. తేడా సున్నా వస్తే అనుమానిస్తారని నాలుగు మిల్లీమీటర్లు తేడా కూడా పెట్టాను. అంత శ్రద్ధ పెట్టగలిగినవాణ్ణి బద్ధకస్తుడినని చెప్పుకుంటే సరిపోతుందా?

యాన్ గారు ఆ పుస్తకం చూసి, వరద గుర్తుకి ఒక అడుగు పైన గది నేల ఉండాలని లెక్క వేశారు. ఆయన పద్ధతి వేరు. కాగితం మీది గీతల్లో ఎవరికీ గది కనపడదనేవారు. ఇసుక మీద సున్నంతో గదిని అసలు కొలతల్లో గీసి, కర్రలు పాతి, నేల వచ్చే ఎత్తున చుట్టూ తాడు కట్టారు. ఆడవాళ్ళని పిలిచి చూడమన్నారు. వాళ్ళు తలుపు అటు కాదంటే, తలుపు మార్చారు.

పోలమ్మ అనే ఆవిడ తాడు పక్కన నిలబడింది.

"అబ్బయ్యా, ఈ తాడు నా తొడకాడికే ఉండాది. వంతెన మీద గుర్తేసిన ఆ పెద్ద తుపానుకి నీళ్ళు ఈడ నా నడుంకాడికి వచ్చినాయి. ఇంకా మూరెడు లేపమని చెప్పు ఆయనకి."

"అప్పుడు నువ్వు పొట్టిదానివి లే అక్కా," అంది పక్కావిడ.

"ముగ్గురు పిల్లకాయల్ని కన్నాక పొడుగయ్యేదానికి నేనేమన్నా సరుగుడు చెట్టునా?"

అందరూ నవ్వారు. యాన్ గారూ నవ్వి, ఏమంటోంది అని నన్ను అడిగారు.

"పాత తుపాను కబుర్లు."

"ఎత్తు గురించి ఏమైనా అందా?"

"లేదు. బాగుందంటోంది."

ఆమె చెప్పింది నిజమైతే నా కొలత తప్పు. మళ్ళీ కొలిస్తే ఆ కల్పించిన పేజీలు బయటపడతాయి. ఇంత ఆలోచన ఆ ఒక్క క్షణంలో చేశానా? చేశాను. నిమ్మళంగానే చేశాను.

గది కట్టిన ఏడాదే వాయుగుండం పట్టింది. ఈసారి గట్టి గది ఉందని ఆడవాళ్ళు చేపలన్నీ అక్కడికే చేర్చారు. జానెడు నీళ్ళు లోపలికొచ్చాయి. కింది బస్తాలు నానాయి, పైవి చెమ్మకి పురుగు పట్టాయి. మనుషులకేమీ కాలేదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆ చలికాలం పాళెంలో ఏ ఇంట్లో ఎన్ని పూటలు పొయ్యి వెలగలేదో మాత్రం ఎవరినీ అడగలేదు.

యాన్ గారు నా పుస్తకం మళ్ళీ తిరగేశారు. కొలతలు కలిశాయి కాబట్టి పొరపాటు తన లెక్కలోనే ఉండాలన్నారు. పాళెం వాళ్ళందరినీ కూర్చోబెట్టి, తను చెప్పింది చెప్పినట్టు తెలుగులో చెప్పమని నాతో అన్నారు. "తప్పు నాది, నా లెక్క తప్పింది, మీ కష్టం పాడు చేశాను" అన్నారు. నేను ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

పోలమ్మ నా వైపే చూసింది. "నేను చెప్తానే ఉండా గదా, ఇన్నాడా? అడిగేది మమ్మల్ని, కట్టేది ఆయనిష్టం."

ఆయన నా ముఖంలోకి చూశారు. కోపంగా ఉంది అని మాత్రం చెప్పాను.

తర్వాత నేనొక్కణ్ణే వెళ్ళి, ఇంకో మిషనుతో రానూ పోనూ కొలిచాను. నా పాత అంకెకీ అసలు ఎత్తుకీ నలభై ఆరు సెంటీమీటర్లు తేడా. ఆ మొదటి కొలతలో అంకె ఎక్కడ జారిందో ఇప్పటికీ తెలియదు.

పక్క పాళేలు ఆయన్ని పిలవడం మానేశాయి. ఆయన తన దేశం వెళ్ళిపోయారు. అడగకుండా ఒక్క గోడ కట్టని మనిషి, మన తీరంలో ఆడవాళ్ళ మాట వినని తెల్లాయనగా మిగిలారు. మొన్న ఈమెయిలు రాశారు. నా పెళ్ళి సంగతి అడిగారు. చివర, ఆ గది లెక్క అప్పుడప్పుడూ తీసి చూస్తుంటాను, తప్పెక్కడో ఇంకా దొరకలేదు అన్నారు.

లేని తప్పు కోసం ఆరేళ్ళుగా వెతుకుతున్నారు. ఇది చదివాక కూర్చోలేకపోయాను.

ఆయనకి జవాబు రాశాను. మూడు వాక్యాలే. మీ లెక్క సరైనది. తిరుగు కొలత నేను తీయలేదు. పోలమ్మ ఎత్తు పెంచమంది, నేను మీకు చెప్పలేదు. పంపాను. ఇంకా జవాబు రాలేదు, వస్తే తెరవగలనో లేదో తెలియదు. పోలమ్మకి ఈమెయిలు లేదు. ఆవిడ దగ్గరికి నేనే వెళ్ళి నిలబడాలి. రేపు వాకాడు బస్సెక్కుతాను. ఏం చెప్పాలో వరుసగా రాసుకుందామని కాగితం తీశాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. "మీరు చెప్పింది ఆయన వినక కాదమ్మా, ఆయన దాకా చేరనే లేదు." ఆ తర్వాతిది రాయక్కర్లేదు. ఎందుకు చేరలేదని ఆవిడే అడుగుతుంది.