అడితిలో ఆరున్నొకటి

హనుమాన్ జంక్షన్ దగ్గర మా కలప అడితిలో దుంగ కొలవడానికి ఇద్దరు కావాలి. ఒకడు దుంగల గుట్ట మీద నిలబడి, దుంగకు టేపు చుట్టి కొలత పిలుస్తాడు. రెండోవాడు కింద నిలబడి విని, అందులో ఎన్ని ఘనపుటడుగుల కలప ఉందో పైకి చెబుతాడు. ఆ రెండోవాణ్ణి నేను. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, మళ్లీ పొడవుతో హెచ్చవేసి, నూట నలభై నాలుగుతో భాగించాలి. ఇది నాకెవరూ నేర్పలేదు. పదో తరగతి తప్పి, దుంగలు దొర్లించే పనికి చేరి, అప్పటి గుమాస్తా నోట వచ్చే అంకెల్ని వింటూ అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నాకు నేనే విప్పుకున్నాను. ఎనిమిదడుగుల దుంగ చుట్టుకొలత ముప్పై ఆరు అంగుళాలైతే నాలుగున్నర. ముప్పై ఏడైతే నాలుగూ ముప్పావు. ముప్పై మూడైతే నాలుగు కూడా నిండదు. పైవాడు నోరు మూసేలోపు నా జవాబు వచ్చేది. కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ దానికే తలూపేవాళ్లు.

ఈ పనికి బుర్ర ఎంత కావాలో చెవీ అంతే కావాలని, చెవి పోయాక గాని నాకు తట్టలేదు.

ఎడమ చెవిని అడితిలోని కరెంటు రంపం మోతతో తిన్నది. అన్నేళ్లు దాని పక్కనే నిలబడితే తినకుండా ఎందుకుంటుంది? కుడి చెవి ఒక జ్వరంతో పోయింది. మామూలు చెవి మిషన్లు పనికిరాలేదు. విజయవాడలో ఆపరేషన్ చేసి, కుడి చెవి వెనక చర్మం కింద ఒక బిళ్ల పెట్టారు. దాని తీగ లోపలి చెవిలో ఉంటుంది. బయట చెవికి తగిలించుకునే ప్రాసెసర్ మాటను పట్టుకుని, అయస్కాంతంతో తలకు అంటుకునే గుండీ గుండా లోపలికి పంపుతుంది. కాక్లియర్ ఇంప్లాంట్ అంటారు. మొదట మనుషులందరూ రేకు డబ్బాలో నుంచి మాట్లాడుతున్నట్టుండేది. కొన్ని నెలలకు మాటలు మాటలయ్యాయి.

ఇంట్లో బాగానే ఉండేది. మా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే పలికేవాణ్ణి. ఆమె చుట్టాలందరికీ ఫోన్లు చేసి "ఆయనకు చెవులొచ్చేశాయి" అని చెప్పింది. చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకా చప్పట్లు పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు వినపడ్డాయి. నిండు చర్చిలో సాక్ష్యం చెప్పాక ఇంకా వినపడటం లేదంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు. ఆ ఆదివారంతో, నాకు సరిగ్గా వినపడదని చెప్పుకునే హక్కు కూడా పోయింది.

అడితికి తిరిగి వెళ్లిన రోజు, కొలత పిలిచేవాడు గుట్ట మీది నుంచే పలకరించాడు. నాకంటే చిన్నవాడు. నాతో ఎంతో కాలంగా పనిచేస్తున్నవాడు.

"మేస్టారూ, కొత్త చెవులంట! పాతవాటికి ఎక్స్‌ఛేంజ్ ఏమన్నా ఇచ్చారాండీ?"

ఇది వినపడింది. నేనూ నవ్వాను. తర్వాత రంపం వేశారు.

రంపం తిరిగాక వాడి నోరు తెరుచుకోవడం కనపడింది గాని, అందులోంచి అంకె రాలేదు. రంపం శబ్దంలో ఒక సన్నటి తీగ సాగి తెగిపోయింది. "ఎంత?" అన్నాను. మళ్లీ పిలిచాడు. "ఎంత?" అన్నాను. మూడోసారి వాడు చేతివేళ్లు చూపించాడు. కొనడానికి వచ్చిన కాంట్రాక్టరు "పొద్దున్నే మూగసైగలేంటండీ" అన్నాడు. ఆ దుంగకు నేను చెప్పిన లెక్క సరైనదే. కానీ అతను జేబులోంచి ఫోను తీసి తనూ ఒకసారి చూసుకున్నాడు. నా లెక్కను ఇంకొకరు సరిచూడటం ఆ అడితిలో అదే మొదలు.

సాయంత్రం యజమాని కుర్చీ వేయించి, ఎదురుగా కూర్చుని చెప్పాడు. మంచివాడే. "ఒక నెల చూద్దాం గురువు గారూ. కుదుటపడితే కొలత దగ్గర మీరే. లేదంటే ఇంకో ఏర్పాటు చూసుకుందాం. మిమ్మల్ని వదిలేస్తామా?"

వదిలేయకపోవడం వేరు, కొలత దగ్గర నిలబెట్టడం వేరు. ఆ తేడా మాకిద్దరికీ తెలుసు.

ఆ నెలలో నాకు చేతనైనంత లెక్కగా నడుచుకున్నాను. ప్రాసెసర్‌ను ఫోనులోంచి సర్దుకోవచ్చు. రోజుకు ఒక్క సెట్టింగే మార్చేవాణ్ణి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. వాల్యూమ్ పెంచితే రంపం పెరిగింది. సెన్సిటివిటీ తగ్గిస్తే రంపం తగ్గింది, దాంతో పాటు గుట్ట మీది మనిషీ తగ్గాడు. చప్పుళ్లున్న చోటికని ఆస్పత్రివాళ్లు వేరే ప్రోగ్రాం ఒకటి పెట్టిచ్చారు. అది హోటల్లో బ్రహ్మాండంగా పనిచేసింది, ఎదుటి మనిషి మాట ఇడ్లీ ప్లేట్ల మోతలోంచి విడిగా పైకి వచ్చింది. అడితిలో మాత్రం దానంత పనికిమాలింది లేదు. ఎందుకో తెలియక రంపం శబ్దాన్ని, పైవాడి పిలుపును ఫోనులో రికార్డు చేసుకుని విజయవాడ బస్సెక్కాను.

ఆస్పత్రిలో సెట్టింగులు చూసే అమ్మాయి అది విని చెవుల మీద చేతులు పెట్టుకుంది.

"బాబోయ్ అంకుల్, ఇందులో ఎలా నిలబడతారండీ? అది సరే, ఈయన పాట పాడుతున్నాడేంటి?"

"పాట కాదమ్మా, కొలత. ముప్పై ఆరు."

ఆమె మళ్లీ వేసింది. "ముప్పయ్యా...రూ..." ఆమె ముఖం మారింది. విడమరిచి చెప్పింది. ఆ ప్రోగ్రాం ముఖానికి ఎదురుగా ఉన్న మాటను పట్టుకుంటుంది, పై నుంచీ పక్క నుంచీ వచ్చేదాన్ని తగ్గిస్తుంది. పైగా ఒకే తీరుగా సాగే శబ్దం ఏదైనా దానికి చప్పుడే. ఫ్యానైనా, రంపమైనా అంతే. మాటంటే విరుపులుండాలి. వాడేమో రంపాన్ని దాటించడానికి అంకెను సాగదీస్తాడు. అడితిలో అందరూ అలాగే పిలుస్తారు, మామూలు చెవికి అలాగైతేనే అందుతుంది. నా మిషను మాత్రం ఆ సాగిన గొంతును తీసుకెళ్లి రంపంతో కలిపి అణిచేస్తోంది.

ఆమె గంటకు పైగా కూర్చుని అణిచివేత తగ్గించి, పక్కలు తెరిచి, హెచ్చు స్వరాలు కొంచెం పెంచి కొత్త ప్రోగ్రాం ఒకటి చేసింది. "నా వల్ల అయ్యేది ఇదే అంకుల్. మిగతాది ఆయన చేతిలో ఉంది. కిందికి దిగి, మీకెదురుగా నిలబడి, సాగదీయకుండా ముక్కలుగా చెప్పమనండి. ఏడు, ఆరు, మూడు మీకు ఇంకా కలిసిపోతున్నాయి. వాటికి ఏదన్నా వేరే గుర్తు పెట్టుకోండి."

వేరే గుర్తు మావాళ్లు ఎప్పుడో పెట్టారు. మా చిన్నప్పుడు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేవాళ్లు కాదు, లాభం అనేవాళ్లు. ఏడు అనేవాళ్లు కాదు, అది ఏడవమన్నట్టుంటుందని. ఆరున్నొకటి అనేవాళ్లు. అంత పొడుగు మాట ఏ రంపంలోనైనా తప్పిపోదని నా ఆశ.

మర్నాడు వాడికి చెప్పాను. వాడు నడుం మీద చేతులు పెట్టుకుని అందర్నీ పిలిచాడు.

"విన్నారట్రా! మేస్టారు పొద్దున్నే మనల్ని ఆరున్నొక్క రాగం ఎత్తుకోమంటున్నారు!"

"ఎవరు పోయారండీ?" అని రంపం దగ్గర నుంచి ఒకడు కేకేశాడు.

నవ్వులయ్యాక వాడు ఒప్పుకున్నాడు. కిందికి దిగాడు, ఎదురుగా నిలబడ్డాడు. "ఎనిమిది. ముప్పై. ఆరున్నొకటి." మూడు ముక్కలూ మూడు రాళ్లలా వచ్చి చెవిలో పడ్డాయి. "నాలుగూ ముప్పావు" అన్నాను. ఆ పొద్దుట లారీలో సగం వరకూ నేను ఒక్కసారి కూడా "ఎంత" అనలేదు. కొనేవాడు ఫోను జేబులో పెట్టేశాడు. నా గొంతు మళ్లీ పాత గొంతులా లేచింది. ఆ సగం లారీ గురించి నేనెవరికీ సాక్ష్యం చెప్పలేదు.

ఎండెక్కింది. లారీ డ్రైవరు తొందరపెట్టాడు. ప్రతి దుంగకూ ఎక్కి దిగితే ఎప్పటికి తెములుతుందని వాడు గుట్ట మీదే ఉండిపోయాడు. గుట్ట మీదుంటే గొంతు సాగుతుంది. "ముప్పయ్యా..." అని మొదలైంది. అది ఆరో, ఆరున్నొకటో, చివర ఏం పలికాడో రంపంలో కలిసిపోయింది. అడగడానికి సిగ్గేసి ఆరనుకుని నాలుగున్నర అన్నాను.

అమ్మకానికి తెచ్చిన రైతు టేపు పక్కనే ఉన్నాడు. "ఏడండీ! ఏడు పిలిస్తే ఆరుకు కడతారేంటి? చెవుడైతే చెవుడని చెప్పాలి గాని, నా కలప కోసేస్తారా?"

పావు ఘనపుటడుగు తేడా. ఆ మనిషి నన్ను దొంగను చూసినట్టు చూశాడు. నేను ప్రాసెసర్ చూపించబోయాను. ఆయనకది అక్కర్లేదు.

"అలవాటండీ మేస్టారూ," అన్నాడు పైవాడు తర్వాత. "దిగి చెబుదామనే అనుకున్నాను. గొంతు దానంతటదే సాగిపోద్ది."

నెల నిండకముందే యజమాని నాకు తన అద్దాల గదిలో చోటిచ్చాడు. చల్లగా ఉంటుంది, బిల్లులు సరిచూస్తే చాలు, చప్పుడుండదు అన్నాడు. కొలత దగ్గర ఇప్పుడు లెక్క ఫోనులో చూస్తున్నారు. ఆ గదిలో నా మిషను ఏ ప్రోగ్రాంలోనైనా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వినడానికి ఏమీ లేనిచోట వినపడటం ఎంత సులువో చెప్పలేను.

మొన్న కొలత పిలిచేవాడు మంచినీళ్లకని లోపలికి వచ్చాడు. గ్లాసు దించి, మామూలు గొంతుతో అడిగాడు.

"మీరు లేకపోతే అక్కడ తోచట్లేదండీ మేస్టారూ. ఇక్కడ బాగా వినపడుతోందా?"

"ప్రతి ముక్కా."

"మరింకేం!" అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

వాడు గుట్ట ఎక్కడం అద్దంలోంచి కనపడింది. నోరు తెరిచాడు, మెడ నరం పొంగింది. లేచి తలుపు జానెడు తీసి, తల బయట పెట్టి, ఆ అమ్మాయి ఇచ్చిన ప్రోగ్రాం వేసి చూశాను. పొడవు ఎనిమిదని తెలిసింది. చుట్టు తెలియలేదు.

"తలుపు మూసెయ్యండి గురువు గారూ," అన్నాడు వెనక నుంచి యజమాని. "చల్లదనమంతా పోతోంది."

మూసేశాను.