బావ కారుకి మూడు కాళ్ళు

మా బావ గురించి చెప్పాలంటే ముందు నా నోటి గురించి చెప్పుకోవాలి. నేను దర్జీని. సూది బెజ్జంలో దారం ఎక్కించడానికి ఎంతసేపైనా ఓపిక పడతాను గానీ, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకునే ఓపిక దేవుడు నాకివ్వలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అక్క చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉంది. ఊరి సంగతి ఎలా ఉన్నా, ఆ నోటితో నేను ముంచింది మాత్రం మా అక్క మొగుణ్ణే.

బావ సిటీ బస్సుల గ్యారేజీలో ఫిట్టరు. బస్సుల తలుపులూ బ్రేకులూ గాలి ఒత్తిడితో పనిచేస్తాయి కదా, ఆ పనంతా ఆయనదే. అందుకని గ్యారేజీలో అందరూ ఆయన్ని గాలి మేస్త్రి అంటారు. బస్సెక్కితే సీటు ఖాళీగా ఉన్నా కూర్చోడు. తలుపు దగ్గర నిలబడి చెవి అటు పెడతాడు. మూసుకునేటప్పుడు తలుపు తుస్సుమనడం కాస్త ఎక్కువైతే డ్రైవరుకి చెప్పిగానీ దిగడు. "వీధి చివర గాలి లీకైనా వినపడుతుంది, పక్కన నిలబడి నేను అరిస్తే వినపడదు" అని అక్క గొణుక్కునేది. ఆయనకి కోపం వచ్చినా మాట్లాడడు, సంతోషం వచ్చినా మాట్లాడడు. నోరు విప్పేది ఒక్క కారు దగ్గరే.

ఆ కారు కొన్నది కాదు, కట్టింది. నలభై రెండేళ్ళ వయసులో పాత ఇనుము దుకాణంలో ఓ ఇంజను చూశాడు. ముందు భాగమంతా నుజ్జయిపోయిన పెద్ద కారుదట, ఇంజను మీద మాత్రం గీత పడలేదు. దాన్ని ఇంటికి తెచ్చి, పెరట్లో రేకుల షెడ్డు వేసి, దాని చుట్టూ కారు కట్టడం మొదలుపెట్టాడు. ఇనుప గొట్టాలతో చట్రం, ఫైబరుతో పైభాగం, ఇంజను వెనక, మనుషులు ఇద్దరికే చోటు. కోటీశ్వరులు నడిపే సూపర్ కార్లు పత్రికల్లో వస్తాయే, అలాంటిదన్నమాట. నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో పరుచుకుని ఉంటుంది. వీధిలోవాళ్ళు దానికి చాప అని పేరు పెట్టారు. "ఏం మేస్త్రీ, చాప ఎప్పుడు లేస్తుంది?" అని అడిగితే బావ నవ్వి ఊరుకునేవాడు.

నాతో మాత్రం ఒకసారి అన్నాడు. "ఒక్కసారి చాలురా. గేటు దాటించి ఆ రోడ్డు చివరిదాకా నేనే నడపాలి. తర్వాత మళ్ళీ పాత ఇనుముకి వేసేసినా నాకు బాధ లేదు." ఊరందరూ ఎక్కే బస్సుల్ని ముప్పై ఏళ్ళపాటు బాగుచేసిన మనిషి తనకంటూ కోరుకున్నది అదొక్కటే. ఇంకేదైనా అడిగాడేమోనని ఎంత గుర్తు చేసుకున్నా నాకు తట్టదు.

ఇక మా ఆదివారాల సంగతి. ఆ కారు కింద పని చెయ్యాలంటే దాన్ని లేపాలి. లేపాలంటే కిందికి జాకీ దూరాలి. జాకీ దూరాలంటే కారు కాస్త లేవాలి. ఇదీ మా తద్దినం. ముందుగా ఓ చక్రానికి ఆనించి పలక పెట్టి, కారుని దాని మీదికి తోసి, ఆ సందులోకి చక్రాల జాకీ నెట్టి, పిడి కొట్టి లేపి, చెక్క దిమ్మ పెట్టి, రెండో మూలకి పోవాలి. నాలుగు మూలలూ అయ్యేసరికి గంటన్నర. దించడానికి ఇంకో గంట. బావ దిమ్మలు సర్దేవాడు, నేను జాకీ కొట్టేవాణ్ణి. పన్నెండేళ్ళు ఇదే వరస. అసలు పని జరిగేది మధ్యలో ఓ రెండు గంటలు, మిగతాదంతా కబుర్లు. తండ్రి తనని ఏడో తరగతిలో బడి మాన్పించిన సంగతి, గ్యారేజీలో చేరిన మొదటిరోజే గ్రీజు డబ్బాలో కాలు పెట్టిన సంగతి, మా అక్కని చూడ్డానికి వచ్చి మా ఇంట్లో కారుతున్న కుళాయి చూసి ఉండబట్టలేక విప్పేసిన సంగతి, అన్నీ ఆ జాకీ చప్పుడు మధ్య నాకు చెప్పినవే. అక్కకి కూడా సగం తెలియవు.

ఓ ఆదివారం ముందు వారమంతా నాకు ఒకటే పని. బడి యూనిఫారాలు రెండు వందల జతలు. మిషను మీద వంగీ వంగీ ఉన్నాను. మూడో మూల లేపుతుండగా నడుము పట్టేసింది. చేతిలో పిడి నేలకేసి కొట్టాను.

"వారమంతా మిషను ముందు వంగి, ఆదివారం నీ కారు ముందు వంగాలా? నేనేమన్నా నీ జాకీనా బావా?"

అక్క టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. బావ నా వంక చూసి, చేతులు గుడ్డకి తుడుచుకుని, "కాసేపు కూర్చోరా" అన్నాడు. మిగతా పని తనొక్కడే చేసుకున్నాడు. నేను టీ తాగి, ఇంటికెళ్ళి, నడుముకి మందు రాయించుకుని పడుకున్నాను. ఆ మాట అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

రెండు వారాల తర్వాత వెళితే షెడ్డులో బల్ల మీద ఓ బొమ్మ గీసి పెట్టి ఉంది. "కారుకే జాకీలు బిగించేద్దాంరా. గాలి జాకీలు. రేసు కార్లకుంటాయి. కంప్రెసర్ గొట్టం తగిలిస్తే దానంతటదే లేచి నిలబడుతుంది" అన్నాడు. చట్రంలో నిలువుగా మూడు సిలిండర్లు. గాలి నింపితే ఒక్కోదాంట్లోంచి ఒక ఇనుప కాలు కిందికి దిగి నేలని తంతుంది. గాలి వదిలితే లోపలి స్ప్రింగు ఆ కాలిని వెనక్కి లాక్కుంటుంది. వెనక బరువు కాబట్టి అటు రెండు, ముందు ఒకటి.

"నాలుగు మూలలకీ నాలుగు పెట్టొచ్చుగా?" అన్నాను.

"ముక్కాలి పీట ఊగడం ఎప్పుడన్నా చూశావా?" అన్నాడు.

నాకు సంతోషం పట్టలేదు. అదెందుకు పెడుతున్నాడో అడగాలని కూడా తోచలేదు. ఆ నాలుగు నెలలూ ఆయన పిలవకముందే నేను వెళ్ళేవాణ్ణి. ముందు ఒక్కో చక్రం మీద ఎంత బరువు పడుతుందో చూడాలన్నాడు. దూలం ఒక కొస గొట్టం మీదా, రెండో కొస మనుషుల బరువు చూసే యంత్రం మీదా ఆనించి, గొట్టానికి దగ్గరగా చక్రం నిలబెట్టి, యంత్రం చూపించినదాన్ని ఐదుతో హెచ్చవేసేవాడు. నేను సుద్దముక్కతో గోడమీద రాసేవాణ్ణి. డ్రైవరు సీట్లో మనిషి ఉంటే ఎంతో చూడాలని అక్కని కూర్చోమన్నాడు. "కారు బరువు గోడమీద రాసుకోండి, నా బరువు మాత్రం రాశారో ఊరుకోను" అంది అక్క. పక్క వీధి లేతు మిషనాయనతో సిలిండర్లు చేయించి, చట్రానికి మందపాటి పలకలు వెల్డింగు చేసి బిగించాం. ఆ పనిలో ఉండగానే రెండు మూడుసార్లు, ఎడంపక్క మోకాలి దగ్గరున్న స్పానర్ కోసం బావ నేలంతా తడుముకున్నాడు. "ముందు నీ కళ్ళకి పెట్టించు బావా జాకీలు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మొదటిసారి గాలి నింపినప్పుడు ఆవు లేచినట్టు, రెండు కాళ్ళున్న వెనక భాగం ముందుగా లేచి, ముక్కు నేలకి రాసుకుంది. బావ కంగారుపడలేదు. వెనక గొట్టాల్లో సన్నబెజ్జం ఉన్న బిళ్ళలు వేసి అటు గాలి నెమ్మదిగా వెళ్ళేట్టు చేశాడు. రెండోసారి మూడు కాళ్ళూ ఒక్కసారే దిగాయి. మూడు అంకెలు లెక్కపెట్టేలోపు కారు మోకాలెత్తుకి లేచి నిలబడింది. గోడ మీంచి చూస్తున్న పక్కింటాయన "చాప లేచిందర్రా" అని వీధంతా వినపడేలా చెప్పాడు. గాలి పోయినా కారు కూలకుండా కాళ్ళ చుట్టూ ఇనుప తొడుగులు వేసేదాకా బావ నన్ను కిందికి చెయ్యి పెట్టనివ్వలేదు. "గాలిని నమ్ముకుని బతికాను గానీ దాని కింద ఎప్పుడూ తల పెట్టలేదురా" అన్నాడు.

సాయంత్రం గేటుదాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇక నీ నడుముకి సెలవు. ఆదివారం హాయిగా పడుకో."

నేను నవ్వుతూ ఇంటికొచ్చేశాను.

మరుసటి ఆదివారం పొద్దున లేచి ఫోను కోసం చూశాను. రాలేదు. సరే, నిద్రపోయాను. ఆ పై వారమూ రాలేదు. మూడో వారానికి నాకు రోషం వచ్చింది. మనిషితో పని తీరాక మనిషెందుకులే అనుకున్నాను. "ఓసారి వెళ్ళి చూసి రావచ్చుగా" అని నా భార్య అంటే, "పిలవని పేరంటానికి నేను పోను. ఆయనకి యంత్రం వచ్చింది, ఇక నేనెందుకు?" అన్నాను. కారులో మిగిలింది బ్రేకు గొట్టాలూ స్టీరింగు సర్దుబాటూ. ఇద్దరు మనుషులుంటే మహా అయితే ఆరేడు నెలల ఆదివారాలు. ఆయన ఒక్కడే చేసుకుంటాడులే, అయ్యాక తనే వచ్చి చూపిస్తాడులే అనుకుంటూ బింకంగా కూర్చున్నాను. మధ్యలో ఒకసారి అక్కావాళ్ళు మా ఇంటికొచ్చారు. లోపలికొస్తూ బావ భుజం తలుపు చెక్కకి కొట్టుకుంది. నేను చూశాను. చూసి, కుర్చీ వేసి, టీ ఇచ్చి పంపించాను. కారు ఎంతవరకొచ్చిందని నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

అలా పదకొండు నెలలు గడిచాయి.

ఓ మధ్యాహ్నం అక్క నా కొట్టుకి వచ్చింది. ఎప్పుడూ రాదు. స్టూలు మీద కూర్చుని కాసేపు గుడ్డముక్కలు మడతపెట్టింది. తర్వాత చెప్పింది. గ్యారేజీలో పక్కనుంచి వెనక్కొస్తున్న బస్సు బావకి కనపడలేదట. భుజానికి తగిలింది, ఎముక విరగలేదు. కానీ కంటి డాక్టరు దగ్గరికి పంపించారు. రెండు కళ్ళలోనూ పక్కచూపు పోయిందట. నొప్పీ మంటా లేకుండా, అంచులనుంచి లోపలికి అరుగుతూ వచ్చిందట. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నంతే కనపడుతుంది. పోయింది రాదు. మందు చుక్కలతో ఉన్నది నిలబెట్టుకోవాలి. బండి మాత్రం ఇక ముట్టుకోకూడదన్నారు.

"ఏడాది ముందు తీసుకొస్తే చాలావరకు ఆగేదన్నాడురా" అంది అక్క. "ఇంట్లో ఉండే నాకే తెలియలేదు. గిన్నె తన్నుకుంటే పరధ్యానం అనుకున్నా."

"మరి కారు?" అన్నాను.

"ఏం కారు? నువ్వు రావడం మానేశాక ఆయన దాని మీద చెయ్యి వేస్తే కదా. ఆదివారం పొద్దున షెడ్డులోకి పోతాడు. కారు లేపుతాడు. కాసేపు చూస్తాడు. దించేసి లోపలికొస్తాడు."

కత్తెర పక్కన పెట్టేశాను. ఎవరికైనా తెలిసుంటే నాకే తెలిసుండాలి. వారం వారం నాలుగేసి గంటలు ఆయన చేతులు చూస్తూ కూర్చున్నవాణ్ణి నేను. తడుముకోవడం చూశాను, భుజం కొట్టుకోవడం చూశాను. మొదటిదానికి జోకేశాను, రెండోదానికి టీ ఇచ్చాను. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. నాలాంటి బావమరిది ఉంటే వేరే శత్రువు అక్కర్లేదు.

ఆ ఆదివారం వెళ్ళాను. పిలవకుండానే. బావ షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కారు లేచి ఉంది. అలికిడి విని తల పూర్తిగా ఇటు తిప్పి, నన్ను వెతికి పట్టుకుని నవ్వాడు.

"రారా. నడుమెలా ఉంది?"

నేను ఆయన కాళ్ళ దగ్గర నేలమీద కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. ఆయన నా తలమీద చెయ్యి వేశాడు. కాసేపటికి, "మిగిలింది నేను చేస్తాను బావా. నువ్వు చెప్పు, నేను బిగిస్తాను. నేనే నడిపి నిన్ను రోడ్డు చివరిదాకా తీసుకెళ్తాను" అన్నాను.

"నీకు స్కూటరే సరిగ్గా రాదు కదరా."

"నేర్చుకుంటా."

"నేర్చుకో. నేను పక్కన కూర్చుంటాలే." కారు వంక తల తిప్పి, "నడపాలనుకున్నాను, అంతే" అన్నాడు.

అప్పుడు అడిగాను. పదకొండు నెలలుగా లోపల కుళ్ళబెట్టుకున్న మాటే, ఇప్పుడు వేరేగా వచ్చింది. "ఒక్కసారి నన్ను పిలిచి ఉండొచ్చుగా బావా? ఒక్క ఫోను."

ఆయన ఆలోచించకుండానే చెప్పాడు.

"పిలిస్తే నడుము నొప్పైనా నువ్వు వచ్చేవాడివి. అది తెలుసు కాబట్టే పిలవలేదురా."

ఆ మాట కోపంగా అన్నా బాగుండేది.