కరపత్రంలో చివరి లైను

ఫినాయిల్ వాసన వస్తే అందరికీ ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు మాత్రం ఎన్నికలు గుర్తొస్తాయి. మొన్న శనివారం సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరున్న పాత కూరగాయల మార్కెట్టుకు వెళ్ళాను. చింతచిగురు కోసం వెతుక్కుంటూ కొబ్బరికాయల దుకాణం మలుపు తిరిగేసరికి ఆ వాసన గుప్పుమంది. అక్కడ ఆడవాళ్ళ టాయిలెట్టు ఉంది. నీలం రంగు తలుపులు, బయట నీళ్ళ డ్రమ్ము, స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్న ఆయా. పూలమ్మే ఆవిడ ఒకామె తన బుట్టను ఆయా పక్కన దించి లోపలికి వెళ్ళింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చి, బుట్ట ఎత్తుకుని తన దారిన తను పోయింది. ఇందులో చూడవలసిన వింతేమీ లేదు. అయినా నేను చింతచిగురు సంగతి మరిచిపోయి కాసేపు అక్కడే నిలబడిపోయాను. మా ప్రెస్ సార్ ఉంటే నన్ను చూసి నవ్వేవారు.

ప్రెస్ సార్ అసలు పేరు వెంకటనర్సయ్య. మార్కెట్టు వెనక సందులో ఆయనకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. పెళ్ళి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల కరపత్రాలు అక్కడే అచ్చయ్యేవి. ఇవి కాక సార్‌కు ఇంకో అలవాటుండేది. కార్పొరేటర్ ఎన్నిక కానివ్వండి, ఎమ్మెల్యే ఎన్నిక కానివ్వండి, ఆయన కూడా నిలబడేవారు. ఆయన పార్టీ పేరు చాలా పెద్దది, పార్టీ చాలా చిన్నది. పేరేమో కరపత్రంలో ఒక వరుసలో పట్టేది కాదు, సభ్యులు మాత్రం ప్రెస్సులోని ఒక్క బల్ల మీద సర్దుకుని కూర్చునేవారు. ఓడిపోయి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య "ఎన్నొచ్చినయి?" అని అడిగేదే తప్ప "గెలిచినవా?" అని ఎన్నడూ అడిగి ఎరగదు.

మా నాన్నకు ఇక్కడ రైల్వేలో ఉద్యోగం రావడంతో మేము కాకినాడ వైపు నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడ్డాం. డిగ్రీ అయ్యాక డీటీపీ నేర్చుకుని సార్ దగ్గర ఆపరేటర్‌గా చేరాను. ఆయన నాకిచ్చిన మొదటి పనే ఆయన కరపత్రం. ఫోటో, పార్టీ పేరు, గుర్తు, వాటి కింద ఒకే ఒక్క హామీ. మార్కెట్టులో ఆడవాళ్ళకు టాయిలెట్టు కట్టిస్తానని.

"ఇంతేనా సార్? రోడ్లు, మంచినీళ్ళు, ఉద్యోగాలు, ఇవేమీ రాయరా?" అన్నాను.

"అవన్ని వేరేటోళ్లు రాస్తరు బిడ్డా. మనం గీ ఒక్కటి రాద్దాం."

చుట్టాల ముందు ఆ మాట పలకని ఇంట్లో పెరిగినదాన్ని. కంప్యూటర్ తెర మీద అంతంత అక్షరాల్లో దాన్ని చూస్తుంటే నాకే ఇబ్బందిగా ఉంది. "సార్, 'మౌలిక వసతులు' అని పెడదామా? మర్యాదగా ఉంటుంది," అన్నాను. సార్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడతారేమో అనుకున్నాను. "నీ బ్యాగుల నీళ్ల సీస ఉన్నది గద? గా ఆకుకూరల మల్లమ్మకు ఇచ్చి రాపో," అన్నారు.

మల్లమ్మ బొల్లారం నుంచి తెల్లవారకముందే మూటలతో బస్సెక్కి వచ్చి, మా సందు మొదట్లో గోనెపట్టా పరుచుకుని కూర్చునేది. ఆ రోజు ఎండ మాడు పగలగొడుతోంది. ఆమె పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. సీసా చాపితే చేయి అడ్డం పెట్టింది.

"వద్దు బిడ్డా, దూపైతలేదు."

"ఇంత ఎండలో దాహం వేయకుండా ఎలా ఉంటుందండి? రెండు గుక్కలు తాగండి."

ఆమె నవ్వి, గొంతు తగ్గించి చెప్పింది. "తాగితే మళ్ల ఏడికి పోవాలె? పొద్దుగాల ఇంట్ల ఒక గిలాస తాగి బస్సెక్కుత. మళ్ల ఇంటికి పోయినంకనే." పక్కన నిమ్మకాయలమ్మే ఆమె, ఆ పక్కన పూలామె, అందరూ ఔనన్నట్టు తల ఊపారు. అందులో వాళ్ళకు కొత్తేమీ లేదు. నేను సీసా పట్టుకుని అలాగే వెనక్కి వచ్చాను. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ అక్షరాలను ఇంకాస్త పెద్దవి చేశాను. ఆ తర్వాత ఆ మాట అనడానికి నాకెప్పుడూ సిగ్గు వేయలేదు.

పెద్ద పార్టీలకు గుర్తులు శాశ్వతం. మాలాంటి వాళ్ళకు మిగిలినవాటిలోంచి ఏదో ఒకటి దక్కేది. ఒకసారి కుట్టుమిషను, ఒకసారి టార్చిలైటు, నేను చేరిన ఏడాది నిచ్చెన. ప్రెస్సులో పై అరల్లోంచి కాగితం దించే నిచ్చెనే ఒకటి ఉంటే, సార్ దాన్ని భుజాన వేసుకుని ప్రచారానికి బయల్దేరారు. వెనక నేను, ఇద్దరు పార్టీ పెద్దలు, చేతిలో కరపత్రాలు. "ఎవలింటికి సున్నం ఏస్తున్నరు సార్?" అని దుకాణాల వాళ్ళు వేళాకోళం చేసేవారు. కుర్రాళ్ళు "టాయిలెట్ సార్" అని కేకలు పెట్టేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. నాది అసలే ముక్కు మీద కోపం. సార్ మాత్రం నిచ్చెనతో సహా వెనక్కి తిరిగి, "అవ్ బిడ్డా, నేనే. మీ అమ్మకు చెప్పు, ఓటెయ్యమని," అనేవారు. ఆ నిచ్చెన తిరిగితే ఎవరి తలకు తగులుతుందోనని కుర్రాళ్ళు పరుగు తీసేవారు.

ఓట్లు లెక్కపెట్టే రోజు నన్ను ఏజెంటుగా వెంట తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికే ఎవరు గెలిచారో తేలిపోయింది. బయట టపాసులు పేలుతున్నాయి. ఓడిపోయిన మిగతావాళ్ళ ఏజెంట్లు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. నాకు ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి.

"పోదాం పదండి సార్. మన ఓటమి ఎప్పుడో ఖాయమైపోయింది కదా."

"ఇంక చివరి రౌండు ఉన్నది గద బిడ్డా."

"అందులో మనకేం వస్తాయండి?"

"ఎవలో ఒకామె లైన్ల నిలవడి మనకు ఏసి ఉంటది. ఆమె ఓటు లెక్కవెట్టే టయానికి మనం ఏ హోటల్లనో బిర్యాని తింటుంటే మంచిగుంటదా?"

చివరి రౌండులో మాకు వచ్చినవి పిడికెడు ఓట్లు. అధికారి ఆ అంకె చదవగానే సార్ లేచి నిలబడి దణ్ణం పెట్టారు. ఎవరికి పెట్టారో చూడబోతే ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. తర్వాత గెలిచినాయన దగ్గరికి వెళ్ళి చేయి కలిపి, నన్ను స్టేషన్ ఎదుట ఇరానీ హోటలుకు తీసుకెళ్ళారు. చాయ్‌లో బిస్కట్టు ముంచుకుంటూ, మాటల మధ్యలో వాళ్ళమ్మ గురించి చెప్పారు. ఆమె కూడా ఆ మార్కెట్టులోనే కొత్తిమీర అమ్మేదట.

"కిడ్నీలు ఖరాబై పోయింది మా అమ్మ. నీళ్లెందుకు తాగలేదమ్మా అని డాక్టర్ అడిగిండు. సిగ్గుపడి చెప్పలె. నాకు తెలుసు, నేను సుత నోరు తెర్వలె." సాసర్లో ఒలికిన చాయ్‌ని కప్పులోకి వంపుకున్నారు. "గందుకే ఇప్పుడు మైకు వెట్టి చెప్తున్న."

ఆ ఎన్నిక తర్వాత వచ్చిన కార్పొరేటర్ ఎన్నికలోనే అసలు సంగతి జరిగింది. ఎన్నికల కరపత్రం మీద దాన్ని అచ్చువేసినవాళ్ళ పేరు ఉండాలన్నది నిబంధన. అందుకని మా సందు చుట్టుపక్కల పంచే కరపత్రాల్లో, ఏ పార్టీదైనా సరే, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో సార్ పేరే ఉండేది. ఒకరోజు పెద్ద పార్టీ అభ్యర్థి బావమరిది రమేశ్ ప్రూఫు చూసుకోవడానికి వచ్చాడు. సార్ వేలితో అడుగుభాగం చూపించారు.

"ఈడ జెర జాగా మిగిలింది రమేశూ. ఒక లైను పట్టేటట్టున్నది."

"ఏం పెడ్తమంటరు?"

సార్ చెప్పారు. రమేశ్ తెల్లబోయాడు. "గది మీ లైను కద సార్?"

"నాదేంది, మార్కెట్టుది. పోయినసారి మార్కెట్టోళ్ల ఓట్లు కొన్ని నాకు పడ్డయి. ఈసారి సుత నేను నిలవడుతున్న. నీ ఇష్టం మరి."

రమేశ్ ఒక్క క్షణం ఆలోచించి పెట్టమన్నాడు. ఆ సాయంత్రమే రెండో పార్టీవాళ్ళొచ్చారు. వాళ్ళ కరపత్రంలోనూ జాగా మిగిలింది. ఎందుకు మిగలదు, మిగిల్చినదాన్ని నేనే, సార్ చెప్పినట్టు. ఆ రెండూ బజారులోకి వెళ్ళాక మూడో పార్టీవాళ్ళు తమంతట తామే వచ్చి, ఆ టాయిలెట్టు సంగతి మాదాంట్లో కూడా వేయండని అడిగారు.

వాళ్ళు వెళ్ళగానే నేను మౌసు పక్కన పడేశాను. "సార్, మనకున్నది ఆ ఒక్క మాట. దాన్ని కూడా ఊరందరికీ పంచిపెడితే ఇక మనకెవరు వేస్తారండి?"

"ఎవలు ఎయ్యరు."

"అలాంటప్పుడు నిలబడడం ఎందుకు? నామినేషన్ వెనక్కి తీసుకోండి. ఎండలో ఆ తిరుగుడైనా తప్పుతుంది."

సార్ మిషను దగ్గర్నుంచి తల తిప్పి, చేతులకున్న ఇంకు గుడ్డతో తుడుచుకుంటూ అన్నారు. "నేను నిలవడకపోతే గా లైను వాళ్లెందుకు పెడ్తరు బిడ్డా? నేను బజార్ల తిరుగుతుంటెనే వాళ్లకు మల్లమ్మ యాదికొస్తది."

అన్నేళ్ళుగా ఆయన గెలవడానికి ప్రయత్నించి ఓడిపోతున్నారనుకున్నాను. ఆ రోజు నా కుర్చీలో కూర్చుని ఆయన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. ఆయనేమో అప్పటికే మిషను వైపు తిరిగి, పెద్ద పార్టీ కరపత్రాల కట్ట సరిచేస్తున్నారు. ఆ ఎన్నికలో సార్‌కు అంతకుముందెన్నడూ రానంత తక్కువ ఓట్లు వచ్చాయి. అయినా చివరి రౌండు దాకా కూర్చున్నారు. ఈసారి నేను ఆకలని అనలేదు.

గెలిచింది రమేశ్ బావే. దండల హడావుడి తగ్గాక సార్ ఆ గెలిచినాయన కరపత్రమే చేతపట్టుకుని, మల్లమ్మనూ ఇంకో పదిమంది ఆడవాళ్ళనూ వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళారు. "చేద్దాం సార్, ఫండ్స్ రానీ," అన్నారు కార్పొరేటర్. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ అదే మాట. చివరికి ఒకరోజు మల్లమ్మ తన మూటలు ఆ ఆఫీసు మెట్ల మీదే విప్పి పాలకూర అమ్మడం షురూ చేసింది. పక్కన నిమ్మకాయలు, పూలు కూడా వెలిశాయి. వచ్చేపోయేవాళ్ళు బేరాలాడుతుంటే లోపల కూర్చున్నాయనకు ఫండ్స్ ఎక్కడున్నాయో గుర్తొచ్చినట్టుంది.

ప్రారంభోత్సవానికి రిబ్బను, రాతిఫలకం, దాని నిండా పేర్లు. మా సార్ పేరు ఎంత వెతికినా లేదు. జనంలో వెనకాల నిలబడి చప్పట్లు కొడుతున్న ఆయన్ని చూసి నాకు దుఃఖం, కోపం కలిసి పొంగుకొచ్చాయి. "రాయి మీద మీ పేరే లేదు సార్," అన్నాను. "కరపత్రం మీద ఉన్నది గద, కింద," అని పకపకా నవ్వారు.

నెల తిరక్కముందే ఆ తలుపులకు తాళం పడింది. చూసుకునే మనిషి లేదన్నారు. సార్ అప్పటికే కర్ర సాయంతో నడుస్తున్నారు. అయినా తర్వాతి ఎన్నికలో మళ్ళీ నిలబడ్డారు. ఆయన చివరి కరపత్రంలో ఉన్నదల్లా 'తాళం తీయాలి' అన్న రెండు మాటలే. పోలింగు ఇంకా వారం ఉందనగా తాళం తీశారు, ఆయాను పెట్టారు. ఆ కబురు నేను పరుగెత్తుకెళ్ళి చెబితే సార్ కుర్చీలోంచి లేచి కర్ర అందుకున్నారు. "మరి పా, ప్రచారానికి పోదాం. మనం ఆపితే మళ్ల తాళం ఏస్తరు." ఆ మరుసటి వేసవిలో ఆయన పోయారు.

ఇప్పుడు మారేడ్‌పల్లిలో నాదొక ప్రింటింగ్ దుకాణం. ఎన్నికలొస్తే అన్ని పార్టీలవాళ్ళూ వస్తారు. నా కోపం అలాగే ఉంది కానీ, వాళ్ళను కూర్చోబెట్టి చాయ్ ఇప్పిస్తాను. అడుగున ఒక లైనుకు జాగా వదులుతాను. ఒకసారి బడి ముందు స్పీడ్ బ్రేకరు గురించి, ఒకసారి బస్‌స్టాపులో నీడ గురించి అడిగాను. కొందరు సరేనంటారు, కొందరు అక్కడ ఇంకో ఫోటో వేయమంటారు. సార్ అయితే తనే నిలబడి వాళ్ళను భయపెట్టేవారు. నాకు ఆ ధైర్యం ఇంకా రాలేదు. వచ్చే ఎన్నికలకు వస్తుందేమోనని ఈ మధ్య అనిపిస్తోంది.

మొన్న ఆ తలుపుల దగ్గర్నుంచి కదిలి మల్లమ్మ దగ్గరికి వెళ్ళాను. జుట్టంతా నెరిసింది కానీ అదే చోటు, అదే గోనెపట్టా. చింతచిగురు తూకం వేసి నా సంచిలో పోస్తూ, ఆమె చూపు నా చేతిలోని సీసా మీద పడింది.

"గా నీళ్లు ఇటియ్యి బిడ్డా. మస్తు దూపైతున్నది."

తల వెనక్కి వాల్చి గటగటా తాగింది. గొంతు మీదుగా కారిన నీళ్ళను కొంగుతో తుడుచుకుని, ఖాళీ సీసా నా చేతికిచ్చి, వెనక నిలబడ్డ మనిషి వైపు తిరిగి, "నీకేం గావాలె?" అని అడిగింది.