కుడివైపు కుచ్చిళ్ళు

యోగన్ మూడ్లీ పిన్నీసులు పళ్ళ మధ్య పెట్టుకునే మాట్లాడతాడు. కుచ్చిళ్ళన్నీ వేళ్ళ మధ్య సర్దుకున్నాక ఒక పిన్నీసు నోట్లోంచి తీసి, "అమ్మా, కాస్త ఊపిరి బిగబట్టు" అంటాడు. చీర కట్టించుకోడానికి అతని దుకాణానికి వచ్చే పెళ్ళికూతుళ్ళతో అదే మాట. తాతల కాలంలో ఓడెక్కి వచ్చినవాళ్ళు కట్టుకున్న చాట్స్‌వర్త్ గుడిలో రాతి మారియమ్మతోనూ అదే మాట.

"రాయి ఊపిరి బిగబట్టడమేంట్రా?" అని ఒకసారి కనగమ్మ అవ్వ అడిగింది.

"పోయినేడాది బిగబట్టలేదవ్వా. నడుం దగ్గర వదులైపోయింది, చూళ్ళేదూ?"

చీర కట్టడం నేర్పింది అవ్వే. వానల కోసం ఏటా చేసే అంబలి పూజలో ఒకసారి ఆవిడ వేళ్ళు వణికాయి. పక్కనున్న యోగన్ చేతిలో చీర పెట్టింది. అతనిది ఎడమచేతి వాటం. అందరి కుచ్చిళ్ళూ ఎడమకి తిరిగితే, ఆవేళ అమ్మవారి కుచ్చిళ్ళు కుడికి తిరిగాయి. ఎవరూ ఏమీ అనలేదు. వానలు పడ్డాయి. పంతొమ్మిదేళ్ళు గడిచాయి. ఏటా అతనే కడుతున్నాడు.

పెళ్ళి చేసుకోలేదు. ఆస్పత్రిలో నర్సుగా చేసే మాండ్లాతో తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాడు. గుడిలో అందరికీ తెలుసు. తెలుసని ఎవరూ అనరు. "నీ స్నేహితుడికి కారం పడుతుందా?" అని అడిగి, గిన్నె నిండా కూర పంపిస్తారు.

చిక్కు బొమ్మతో వచ్చింది. దుకాణం సెలవు రోజుల్లో యోగన్ గుడ్డతో బొమ్మలు చేస్తాడు. ఈసారి ఊళ్ళో పెద్ద ఆర్ట్ గ్యాలరీ వాళ్ళు అడిగితే, ఒక పసుపు చీరకి చిక్కగా గంజి పెట్టి, తన ఒంటికే కట్టుకున్నాడు. అది ఆరేదాకా మాండ్లా పంకా పట్టుకుని చుట్టూ తిరిగాడు.

"కదలకు. ఇప్పుడు నువ్వు బిగబట్టు ఊపిరి" అన్నాడు మాండ్లా.

వెనకవైపు కత్తిరించుకుని బయటికొస్తే, చీర ఒక్కతే నిలబడింది. దానికి నిమ్మకాయల దండ వేశాడు. 'అమ్మ, నా కొలత' అని పేరు పెట్టాడు.

శుక్రవారం గుడి ఛైర్మన్ సూబ్రాయన్ చెట్టి దుకాణానికొచ్చాడు.

"అమ్మవారిని మగాడి ఒంటికి చుట్టావంట?"

"నా ఒంటికే మామా. పరాయి మగాడు కాదు."

"ఎకసెక్కాలు చాలు. ఆదివారం అంబలి పూజకి చీర నువ్వు కట్టవు. మా కోడలు కడుతుంది."

యోగన్ నోట్లోంచి పిన్నీసులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. ఏడాదంతా ఎవరెవరికో కట్టే చీరలు ఒక ఎత్తు. ఆ ఒక్క చీర ఒక ఎత్తు.

"ఒక్కసారి వచ్చి చూడండి మామా. చూశాక మీ ఇష్టం."

శనివారం ఛైర్మన్ గ్యాలరీకి బయల్దేరాడు. సంగతి తెలిసి మహిళా సంఘం పదకొండు మందీ వ్యాన్ ఎక్కారు. కనగమ్మ అవ్వ ఒళ్ళో అంబలి బిందె.

"లోపలికి తిండి తేకూడదమ్మా" అన్నాడు గ్యాలరీ కాపలావాడు.

"తిండి కాదు నాయనా. అమ్మని చూడ్డానికి వట్టి చేతుల్తో వెళ్తారా ఎవరైనా?"

పదకొండు జతల చెప్పులు గుమ్మం దగ్గర విడిచారు. కాపలావాడు తన బూట్ల వంక ఒకసారి చూసుకున్నాడు.

"గోడ మీద ఏం రాశార్రా?" అంది అవ్వ, బొమ్మ పక్కన మాండ్లాతో నిలబడ్డ యోగన్‌తో.

"చాలా రాశారవ్వా. అస్తిత్వం, వలస, దేహం..."

"నీ మాటల్లో చెప్పు."

"నేను కట్టుకున్నాను. నాకు నప్పింది."

అవ్వ ఆ చీర చుట్టూ తిరిగింది. వంగి కుచ్చిళ్ళు చూసింది. అవి కుడికి తిరిగి ఉన్నాయి.

"మన అమ్మే" అంది. నడుం దగ్గర దోపుకున్న పొట్లం తీసి, తమలపాకు మీద కర్పూరం పెట్టి, మాండ్లా "అవ్వా, వద్దు" అనేలోపే వెలిగించింది.

పైకప్పులో పొగని పసిగట్టే గంట ఒకటుంది. అది చెవులు చిల్లులు పడేలా మోగింది. కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. తక్కిన జనం తలుపు వైపు పరిగెత్తారు.

సూబ్రాయన్ చెట్టికి అరవై ఒకటో ఏడు. ఎదురుగా కర్పూరం, చెవిలో గంట. ఊహ తెలిసినప్పట్నుంచీ అతనికి ఒకటే అలవాటు. కళ్ళు మూసుకున్నాడు. చేతులు జోడించాడు. చెంపలు కూడా వేసుకున్నాడు.

గంట ఆగింది. ఛైర్మన్ కళ్ళు తెరిచాడు. పదకొండు మంది ఆడవాళ్ళూ అతన్నే చూస్తున్నారు.

"మొక్కావు" అంది అవ్వ.

"గంట మోగింది కదా!"

"చెంపలేసుకోమని కూడా గంటే చెప్పిందా?"

"ఏం కోరుకున్నారు మామా?" అన్నాడు యోగన్, ఎంతో వినయంగా.

"మోకాలి నొప్పి..." అనేసి, ఛైర్మన్ నాలిక కరుచుకున్నాడు.

నవ్వులకి ఆ గంట మళ్ళీ మోగుతుందేమో అనిపించింది. అవ్వ మాత్రం నవ్వలేదు.

"ఒరేయ్ సూబ్రాయన్, తల్లిని మోకాలడిగి, తల్లికి చీర కట్టేవాణ్ణి వెళ్ళగొడతావుట్రా? అడిగిన మోకాలు ఇస్తుందా మరి?"

ఛైర్మన్ ఆ నిమ్మకాయల దండ వంక చూశాడు.

"రేపు ఆరింటికి రా" అన్నాడు. "కానీ కుచ్చిళ్ళు ఎడమకి పెట్టు. లోకంలో ఆడవాళ్ళందరికీ ఉన్నట్టు."

అవ్వ అంబలి పంచింది. కాపలావాడు రెండుసార్లు గ్లాసు పట్టాడు.

ఆదివారం ఆరింటికి యోగన్ గుడిలో ఉన్నాడు. చెప్పినట్టే చేశాడు. కుడిచేత్తో తడబడుతూ, ఎడమకి మడిచాడు. వెనక్కి జరిగి చూశాడు. అమ్మవారు ఎవరి పెళ్ళికో వచ్చి, కుర్చీ దొరక్క నిలబడ్డ మనిషిలా ఉంది.

దీపం పట్టుకున్న ఛైర్మన్ కూడా చూశాడు.

"ఏదో తేడాగా ఉందే" అన్నాడు.

"మోకాలు ఎలా ఉంది మామా?"

"రాత్రి నిద్ర పట్టింది" అని ఒప్పుకుని, ఛైర్మన్ అటు తిరిగి ఒత్తి సర్దడం మొదలుపెట్టాడు. సరిగ్గా ఉన్న ఒత్తిని చాలాసేపు సర్దాడు.

యోగన్ కుచ్చిళ్ళు లాగేశాడు. నాలుగు పిన్నీసులు పళ్ళ మధ్య పెట్టుకుని, ఎడంచేత్తో మొదటి మడత కుడికి తిప్పాడు.