సరిత నడుము, సాంచె చప్పుడు

2020 వర్షాకాలం. సూరత్‌లో సలాబత్‌పురా చీరల దుకాణాల వెనక సందులో నా క్లినిక్. లాక్‌డౌన్ సడలించగానే తలుపులైతే తెరిచాను గానీ, నన్ను చూసినవాళ్లు చంద్రుడి మీదికి ప్రయాణమేమో అనుకునేవారు. మాస్కు మీద మాస్కు, దాని మీద ప్లాస్టిక్ ముసుగు. ఇక నేను వాడిన శానిటైజర్ అంతా ఒకేసారి ఒలికిపోతే తాపీ నదికి వరద వచ్చేది.

నా వృత్తి కైరోప్రాక్టిక్. అంటే వెన్నులోనూ కటి దగ్గరా బిగుసుకున్న కీళ్లను చేతులతో సర్దడం. ఏళ్ల తరబడి ఈ ఊరి నడుములు నొక్కి నొక్కి, మొహం చూడకుండా నడుమును బట్టి మనిషి పేరు చెప్పే స్థితికి వచ్చాను. ఇది అతిశయోక్తి అని మా ఇంట్లోవాళ్లు అంటారు. వాళ్లకు అసూయ.

ఆ రోజు ఊరి బయటి కడోదరా నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. దిగిన అమ్మాయి పేరు సరిత. మూడు నెలల బాలింత, ఎడమ పక్కకు ఒరిగి నడుస్తోంది. వెనకాలే అత్త లచ్చవ్వ, ఆమె భుజం మీద పసివాడు. సరిత భర్త రాజేశం పవర్‌లూమ్ కార్మికుడు. పవర్‌లూమ్‌ను, తెలంగాణ నుంచి ఇక్కడికి వలస వచ్చిన మావాళ్లు సాంచె అంటారు. తోడుగా ఒక్కరినే లోపలికి రానిస్తున్న రోజులు కాబట్టి అతను గుమ్మం బయటే ఆగిపోయాడు. పసివాడు మాత్రం ఆగలేదు. వాడి ఏడుపుకు మా సందులో సగం చీరలు రంగు వెలిసిపోయాయి.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

"పోరన్ని కిందికెల్లి ఎత్తుకోరాదమ్మా. వంగితె పానం పోతది. అత్తమ్మ నీళ్లకు పోతె, వాడు సాప మీద ఏడుస్తడు, నేను పక్కన కూసోని ఏడుస్త." కళ్లు తుడుచుకుని, తల పైకెత్తింది. "నా కొడుకును నేనే ఎత్తుకోవాలె. గంతే."

ఆ 'గంతే' విని నా బల్ల కూడా నిటారుగా నిలబడింది. సరే, మనమూ వదిలేది లేదు అనుకున్నాను.

ముందు లచ్చవ్వ కట్టిన నడికట్టు విప్పాలి. బాలింతల పొట్ట చుట్టూ బిగించే గుడ్డ అది. లచ్చవ్వ గుడ్డ ముక్కతో సరిపెట్టే మనిషి కాదు, జారిపోయే పాలిస్టర్ చీర మొత్తం చుట్టేసింది. నేను విప్పుతూ విప్పుతూ పోతే భోజనం వేళ అయింది.

"అవ్వా, ఇది కోడలా, బట్టల తానా?"

"నీకేం ఎర్కనమ్మా! కట్టకపోతె పొట్ట సంచి లెక్క ఏలాడుతది."

జ్వరం లేదు, కాళ్లలో తిమ్మిరి లేదు, కాన్పు చేసిన డాక్టరమ్మ సరేనంది. అన్నీ అడిగి తెలుసుకున్నాకే చెయ్యి వేశాను. గోల చేస్తున్నది సాక్రోఇలియాక్ జాయింట్. వెన్ను అడుగు భాగం కటి ఎముకతో కలిసే చోటు. గర్భిణి శరీరంలో రిలాక్సిన్ అనే హార్మోన్ కాన్పుకు దారి ఇవ్వడం కోసం కీళ్ల కట్లను వదులు చేస్తుంది. కాన్పయ్యాక కూడా అవి వెంటనే బిగుసుకోవు. ఆ సమయంలో ఒకే పక్క భారం పడుతూ ఉంటే నడుము ఎదురు తిరుగుతుంది.

మెల్లగా సర్దాను. సరిత జెండా కర్రలా నిటారుగా వెళ్లింది. వారం తిరిగేసరికి కొడవలిలా వచ్చింది. మళ్లీ సర్దాను, మళ్లీ వంకర. నా ఇన్నేళ్ల కీర్తిని ఆ ఒక్క కీలు నడివీధిలో నిలబెట్టి నవ్వుతున్నట్టు అనిపించింది.

"ఇంట్లో ఏం పని చేస్తున్నావు? నిజం చెప్పు."

"ఏం సేస్తలేనమ్మా."

లచ్చవ్వకు రోషం వచ్చింది. "నా కోడలును పుల్ల ముట్టనియ్యలే! బిందె ఎత్తనియ్యలే! నన్ను అడుగు, నేనెంత మోస్తున్ననో!"

ఆ తర్వాతిసారి డ్రాప్ టేబుల్ వాడాను. అందులో నడుము కింద ఉండే భాగం కొద్దిగా పైకి లేస్తుంది, మనం నొక్కగానే ధబ్‌మని కిందికి పడుతుంది. దాంతో తక్కువ బలంతోనే కీలు సర్దుకుంటుంది. సరిత వెల్లకిలా పడుకుంది. నొక్కాను. ధబ్.

పసివాడి ఏడుపు ఆగింది.

మళ్లీ ధబ్. వాడి కనురెప్పలు వాలాయి. ఇంకొకసారి నొక్కగానే లచ్చవ్వ భుజం మీద నోరు తెరిచి నిద్రపోయాడు. చంద్రయాత్ర వేషంలో నేను గుడ్లప్పగించి నిలబడ్డాను.

లచ్చవ్వ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "సాంచె అనుకుంటున్నడు. కడుపుల ఉన్నన్ని దినాలు గదే సప్పుడు ఇన్నడు గద. మేముండేది సాంచెలు నడిచే ఖాత మీది అర్రల్నే. వీడు పుట్టే యాళ్లకు లాక్‌డౌనని ఖాతకు తాళమేసిన్రు. సప్పుడు లేకుంటె పండడు."

"మరి ఇంట్లో ఎట్లా పడుకుంటున్నాడు?"

సరిత బల్ల దిగి చేసి చూపించింది. అత్త ఎత్తి ఇచ్చిన బిడ్డను ఎడమ నడుము మీద పెట్టుకున్నట్టు ఒరిగింది. బరువంతా ఎడమ కాలి మీద వేసింది. కుడి మడమతో నేలను కొట్టడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. వాళ్లుండేది చెక్కల అంతస్తు, బాగా మోగుతుందట. పిల్లవాడికి ఎన్నిసార్లు నిద్ర కావాలంటే అన్నిసార్లు.

"ఇది ముందే చెప్పలేదేం, తల్లీ?"

"పని అడిగినవు గద అమ్మా. నిద్ర పుచ్చుడు గూడ పనేనా?"

మడమ సాంచె ఆరోజు నుంచే బంద్ అన్నాను. చప్పుడు ఇంకెవరైనా పీట మీద కొట్టి చెయ్యాలి. గుమ్మం బయటినుంచి రాజేశం గొంతు వినిపించింది. "నాతోని గాదు. సాంచెలు నడిపేటోన్ని పీట కొట్టుమంటె, ఖాతల నవ్వుతరు."

"ఖాతల ఎవడున్నడ్రా నవ్వనీకి? తాళమున్నది!" అంది లచ్చవ్వ.

అంతలో పసివాడు లేచాడు, సందులో మిగిలిన చీరల రంగు కూడా పోయేలా అందుకున్నాడు. నేనే చెక్క స్టూలు తీసుకుని బాదాను. వాడి ఏడుపు రెట్టింపయింది. నేను ఓడిపోయే రకం కాదు, ఇంకా గట్టిగా బాదాను. రాజేశానికి ఇక తట్టుకోవడం సాధ్యం కాలేదు. మాస్కు సర్దుకుని తల లోపలికి పెట్టాడు.

"అమ్మా, గది సాంచెనా? గట్ల నడిపితె దారాలన్ని తెగుతయ్! జర ఇటియ్యిన్రి."

స్టూలు గుమ్మంలో పెట్టుకుని అరచేత్తో మొదలుపెట్టాడు. హెచ్చుతగ్గులు లేని, బరువైన చప్పుడు. నెలల తరబడి ఊరికే ఉన్న చేతులకు పని దొరికినట్టుంది, కళ్లు మూసుకుని కొడుతున్నాడు. కొడుకు కూడా కళ్లు మూశాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో రాజేశానిదే డ్యూటీ. సరితకు గోడకు ఆనుకుని, వెనక దిండు పెట్టుకుని పాలివ్వడం నేర్పాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి నడుము పైకెత్తే వ్యాయామం నేర్పాను. నొప్పి పుడితే పళ్లు బిగించి, "గంతే" అనుకుంటూ చేసేది. కొన్ని వారాలకు నొప్పి నెమ్మదించింది. ఈసారి నడుము మాట తప్పలేదు.

చివరిరోజు పసివాణ్ని క్లినిక్‌లో కింద చాప మీద పడుకోబెట్టాం. రాజేశం గుమ్మంలో స్టూలు వాయిస్తున్నాడు. సరిత మోకాళ్లు వంచి కూర్చుంది, కొడుకును ఛాతీకి దగ్గరగా తీసుకుంది, ఊపిరి వదులుతూ నిటారుగా లేచింది. లచ్చవ్వ సాయానికి చాచిన చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. అది చూస్తూ రాజేశం వాయించడం మరిచిపోయాడు.

"ఆపకయ్యా! లేస్తడు," అంది సరిత ఏడుస్తూ, నవ్వుతూ.

ఆ తర్వాత ఏ బాలింత వచ్చినా ఇంట్లో ఏం పని చేస్తావని అడగడం మానేశాను. బిడ్డను ఎట్లా నిద్రపుచ్చుతావని అడుగుతాను. నోటితో చెబితే ఒప్పుకోను. లేచి నిలబడి చేసి చూపించాల్సిందే.